గొల్వెన్ కళ్ళు

ఆ వేసవిలో పారిస్ నుంచి బొమ్మలాయన మా ఇంట్లో దిగేనాటికి మా తమ్ముడు గొల్వెన్ మునిగిపోయి చాలా నెలలైంది గానీ, ఇంకా చచ్చిపోలేదు.

మా వెసాన్ దీవిలో ఆ రెండూ వేరు. సముద్రం మనిషిని తీసుకుంటుంది, శవాన్ని ఇవ్వదు. ఇవ్వనిదాన్ని ఎలా పాతిపెడతాం? అందుకని కొవ్వొత్తి మైనంతో బెత్తెడు సిలువ చేస్తాం. దాన్నే ఆ మనిషనుకుని ఇంట్లో బల్లమీద తెల్లగుడ్డ పరిచి పడుకోబెడతాం. రాత్రంతా దాని దగ్గర కూచుని, మర్నాడు ఫాదరు గారి వెనక మోసుకెళ్ళి చర్చిలో అప్పగించి వస్తాం. దాని పేరు ప్రొయెల్లా. అదయ్యాకే పోయినవాడు పోయినట్టు. అప్పుడే పెళ్ళాం నల్లశాలువా కప్పుకుంటుంది, తల్లి ఏడుస్తుంది. అంతవరకు ఏడవకూడదు. ఏడిస్తే మనమే వాణ్ణి ముంచినట్టు.

ప్రొయెల్లా దానంతటది మొదలవదు. ఆ కుటుంబంలో మగాళ్ళలో పెద్దవాడెవడో వాడు మునిమాపు వేళ బయటినుంచి వచ్చి, కిటికీ తట్టి, "ఈ రాత్రి మీ ఇంట ప్రొయెల్లా ఉంది" అని చెప్పాలి. ఆ మాట పడేదాకా ఫాదరు గారు కూడా అడుగు ముందుకెయ్యరు. మా నాన్న ఎప్పుడో పోయాడు. బాబాయిలిద్దరూ మైనం సిలువలై చర్చిలోనే ఉన్నారు. మిగిలింది నేను. గొల్వెన్‌తో పాటు అదే ఓడలో చిలీ నుంచి సరుకేసుకొస్తూ పోయిన మా దీవి కుర్రాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆ పని ఈస్టరుకు ముందే జరిగిపోయింది. మా ఇంట్లో జరగలేదు. నేను చెప్పలేదు.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. ఒకసారి కిటికీ దాకా వెళ్ళి, కట్టెలకి బదులు కాల్చడానికి గోడకి పేర్చిన ఎండు మట్టిపెళ్ళల్లోంచి నాలుగు తీసుకుని, పొయ్యిలోకి తెచ్చినట్టు నటించి లోపలికొచ్చేశాను. ఇంకోసారి చెయ్యెత్తాను కూడా. లోపల్నుంచి మా అమ్మ, "ఎవరక్కడ, గొల్వెనా?" అంది. "నేనేనే. కిటికీ రెక్క వదులైంది, చూస్తున్నా" అన్నాను. మర్నాడు ఆ బాగున్న రెక్కనే ఊడదీసి మళ్ళీ బిగించాల్సి వచ్చింది.

నేను పదకొండో ఏట బడి మానేసి ఓడెక్కినవాణ్ణి. తెరచాప కొయ్యమీంచి పడి మోకాలు చితికి, ముప్ఫై నిండకుండానే ఒడ్డున పడ్డాను. మా దీవిలో మగాడంటే నీళ్ళమీద ఉండాలి, లేదా చర్చి పెరటి సమాధుల్లో ఉండాలి. నేలమీద తిరిగే మగాణ్ణి ఆడవాళ్ళు తమ లెక్కలో కలిపేసుకుంటారు. పొలం వాళ్ళది, గొర్రెలు వాళ్ళవి, ఇల్లు వాళ్ళది. పెళ్ళి మాట కూడా ఆడపిల్లే వచ్చి అడుగుతుంది. పెరీన్ అలాగే ఒక ఆదివారం మా గడపలోకొచ్చి మా తమ్ముణ్ణి అడిగింది, మా ఇంటి కోడలైంది. నన్నడగడానికి ఎవరూ రాలేదు. సరే.

ఆ ఏడు జూన్‌లో, వారానికోసారి వచ్చే పడవలోంచి ఆ పెద్దమనిషి దిగాడు. పేరు ఒక్తావ్ లెస్పినాస్. బుర్రమీసాలు, పల్చటి జుట్టు, సముద్రపు ఎండకి పనికిరాని తెల్లటి మెడ. సామాను నా బండిలోనే ఎక్కించాడు. పెట్టె మీద పెట్టె. ఒకదాన్నిండా రంగుసుద్దలు, ఒకదాంట్లో చెక్క చెక్కే ఉలులు, ఒకదాంట్లో రంగురంగుల మైనం ముద్దలు, ఇంకోదాంట్లో ఊలు దారాలు.

"అయ్యగారూ, మీరు ఏం పని చేస్తారు?" అన్నాను.

"బొమ్మలేస్తాను."

"మరి ఈ దారాలు?"

"తివాచీ నమూనాలు కూడా గీస్తాను. నాటకాలకి తెరలు రాస్తాను. కూజాలు, కుర్చీలు, చర్చి కిటికీ అద్దాలు. ఏది చేతికొస్తే అది."

మా అమ్మకి దూరపు వరసలో చెల్లెలు స్వాజ్ పిన్ని దారిపక్కన మట్టిపెళ్ళలు ఎండబెడుతూ ఇదంతా వింది. ఆయనకి ఫ్రెంచే గానీ మా దీవి భాష రాదని తెలిసి గట్టిగానే అంది. "ఒక్క పనీ సరిగ్గా వచ్చినట్టు లేదు పాపం. అందుకే అన్నీ చేస్తున్నాడు." తరవాత నావైపు తిరిగింది. "నువ్వు మాత్రం ఉన్న ఒక్క పనీ చెయ్యవు గదరా లాన్. మీ ఇంటి కిటికీ ఎటుందో మర్చిపోతే చెప్పు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా."

"ఏమంటున్నారావిడ?" అన్నాడు ఆయన.

"మంచి రోజున దిగారంటోంది" అన్నాను.

మా అటక ఆయనకిచ్చాం. మా అమ్మ ఒప్పుకుంటుందనుకోలేదు. కానీ బయటినుంచి కొత్తమనిషి ఎవరొచ్చినా ఆమెకి ఒకటే ఆశ. గొల్వెన్‌ని ఎక్కడైనా చూసుంటారేమోనని. మొదటి పూటే ఆయన ముందు బార్లీ గంజి పెట్టి, ఫ్రెంచి ముక్క రాని ఆవిడ, నా మొహంలోకి చూస్తూ అడగమంది. "పొడుగాటి కుర్రాడు. కుడి కనుబొమలో చిన్న గాటు. ఏదో దీవిలో దింపేసుంటారు. వీరు ఊళ్ళు తిరిగిన మనిషిలా ఉన్నారు, అడుగు."

అడిగాను. ఆయన చెంచా కింద పెట్టి, చాలాసేపు నిజంగా ఆలోచించాడు. అది నాకు నచ్చింది. ఆలోచించినట్టు నటించేవాళ్ళే ఎక్కువ. "చూడలేదమ్మా" అన్నాడు.

ఆ నెలంతా ఆయన పని చేస్తుంటే చూశాను. అలాంటి పనిమంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. తెల్లారితే రాళ్ళ కొసకి వెళ్ళి, నిద్రపోయే తలల్లా ఉన్న ఆ బండల్ని బొగ్గుతో గీసేవాడు. మధ్యాహ్నం ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ చెక్కముక్క మీద ఉలితో గొర్రెపిల్లని చెక్కేవాడు. సాయంత్రం మైనంతో మొహాలు చేసేవాడు, అరచేతిలో పట్టేంత, బుగ్గలకి నిజం రంగుతో. చేసినవన్నీ అటకలో వరసగా పెట్టుకునేవాడు. మనుషులు, దేవదూతలు, ఆఖరికి ఆ గొర్రెపిల్ల, అన్నీ కళ్ళు మూసుకునే ఉండేవి.

పెరీన్‌ని కూడా వేశాడు. బార్లీ కోసి వచ్చి, చెమటతో గుమ్మంలో కూలబడినదాన్ని. బొమ్మలో మాత్రం చెమట లేదు. పొట్టిగా కత్తిరించిన జుట్టు చుట్టూ నీలంపూలు, వాటి మధ్య చేపలు, కళ్ళు మూసుకుని ఎటో తల వంచింది.

"నిద్రపోతున్నానా?" అని అడిగింది. పెరీన్ సిస్టర్ల బడిలో చదివింది, ఫ్రెంచి నాకంటే బాగా మాట్లాడుతుంది.

"లేదు. వింటున్నారు" అన్నాడాయన.

"పోనీలెండి. నిద్రపోయే తీరిక బొమ్మలోనైనా దొరికిందనుకున్నా."

ఆయన నవ్వాడు. ఇంట్లో చాన్నాళ్ళకి ఒకరు నవ్వడం అదే.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "అయ్యగారూ, మీకు కళ్ళు వెయ్యడం రాదా?" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. ఉలికి పదును పెడుతూ చెప్పాడు. "పడుచువయసులో లియోన్‌లో డబ్బున్నవాళ్ళ బొమ్మలు వేసేవాణ్ణి. కన్ను వెయ్యడం తేలిక. నల్లచుక్క, దానిమీద తెల్లచుక్క. చూసినవాళ్ళు అబ్బ, ప్రాణం పోశాడంటారు. ఓరోజు నా బొమ్మలన్నీ ఒకచోట పెట్టి చూసుకుంటే బట్టల వ్యాపారికీ, వాడి కూతురికీ, వాడి కుక్కకీ నేను వేసినవి ఒకే కళ్ళు. అప్పట్నుంచి మూసేశాను. మూస్తే మనిషి లోపల ఏదో ఉందని నమ్మబుద్ధేస్తుంది. ఇరవయ్యేళ్ళయింది కన్ను తెరిచి."

జులైలో మా అమ్మకి ఆ ఆలోచన వచ్చింది. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఉన్నట్టుండి అంది. "ఒరేయ్ లాన్, గొల్వెన్ బొమ్మ వెయ్యమను. పడవ కెప్టెన్‌కిస్తాను. బ్రెస్ట్ రేవులో చూపిస్తాడు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయి ఎక్కడో అక్కడ గుర్తుపడతారు."

"చూడని మనిషిని ఎలా వేస్తాడే?"

"నేను చూశాను గదరా. నేను చెప్తా, నువ్వు చెప్పు, ఆయన వేస్తాడు."

మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా ఆ పని సాగింది. కిటికీ పక్కన ఆయన బల్లమీద కాగితం పరుచుకున్నాడు. ఎదురుగా మా అమ్మ. మధ్యలో నేను, అటు మాట ఇటు, ఇటు మాట అటు. పెరీన్ పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తోంది. నుదురు మా నాన్నది. చెవులు బయటికుంటాయి, చిన్నప్పుడు గుడ్డ కట్టినా లోపలికి పోలేదు. గాటు గొర్రెకొమ్ము తగిలి పడింది. అబద్ధమాడితే పెదవి ఎడమపక్కకి లాగుతుంది.

"ఎంత లాగుతుంది?" అన్నాడాయన. మా అమ్మ తన పెదవి లాగి చూపించింది. ఆయన చెరిపి, మళ్ళీ గీశాడు. కాదు. మళ్ళీ గీశాడు. కొంచెం తక్కువ. మళ్ళీ. ఇక నేను చెప్పాల్సిన పని తగ్గిపోయింది. ఆమె వేలు పెడితే ఆయన గీస్తున్నాడు. నేను ఇద్దరి భుజాలమీంచి వంగి చూస్తున్నాను. కాగితంలోంచి వాడు వస్తున్నాడు. వాడే. కళ్ళుండాల్సిన చోట మాత్రం ఇంకా ఖాళీ.

"కళ్ళు?" అన్నాడాయన.

మా అమ్మ తేలిగ్గా నవ్వింది. "కళ్ళకి చెప్పేదేముంది? ఇదిగో, వీడివే. ఇద్దరికీ ఒకటే అచ్చు. వీడి మొహంలో చూసి వెయ్యమను."

ఆయన నావైపు తిరిగాడు, నేనేం చెప్తానోనని. నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను. ఆ కిటికీ దగ్గర నెలల తరబడి నోరు పెగలని నాలోంచి వాడి కళ్ళు తీసి వెయ్యడమా? వాడు పోయాడని ఇంట్లో గట్టిగా నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. నా కళ్ళలోకి చూస్తే ఆయనకి ఆ సంగతే కనపడుతుందనిపించింది.

"అమ్మ అలసిపోయింది" అన్నాను. "మీకు తోచినట్టు వెయ్యమంటోంది."

పొయ్యి దగ్గర పెరీన్ తలెత్తి నన్ను చూసింది. రొట్టె తిరగేసింది.

వారం పాటు ఆయన అటకలోనే ఉన్నాడు. రంగుసుద్దల పొడి చెక్కల సందుల్లోంచి కింద బల్లమీద పడేది, ఓ పూట నీలం, ఓ పూట ఊదా. మా అమ్మ ఆ పొడిని తుడవనిచ్చేది కాదు. పడవ కెప్టెన్‌కి కబురు కూడా పంపింది, ఆదివారం తీసుకెళ్ళాలని.

శనివారం పొద్దున్న ఆయన బొమ్మ దించాడు. గోడకి ఆనించి పక్కకి జరిగాడు. ఆయన మొహంలో ఉన్న సంతోషం చూస్తే చాలు, తను వేసినవాటన్నిటిలోకీ అదే మేలైందని ఆయనకి తెలుసునని తెలిసిపోతోంది. అది నిజమే కూడా. చుట్టూ లోతైన నీలం. ఆ నీలంలో ఎక్కడినుంచో వచ్చే వెలుతురు. పైకి తేలుతున్నాడో కిందికి దిగుతున్నాడో తెలియకుండా మా గొల్వెన్. గాటు ఉంది. చెవులున్నాయి. పెదవి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

మా అమ్మ దగ్గరకెళ్ళి, ముట్టుకోకుండా, వేలు కనురెప్పలమీద గాల్లోనే నడిపింది.

"ఎవరు మూశారు వీడికి?" అంది.

మా దగ్గర పోయినవాళ్ళ కళ్ళు సొంతమనిషి మూస్తాడు. పరాయివాళ్ళు మూయరు. ఆ మాట ఆయనకి చెప్పాలో వద్దో నాకు తోచలేదు. ఆయన నా మొహం వైపు చూస్తున్నాడు, మెప్పుకోసం ఎదురుచూసే మొహంతో.

"ఎవరో ఉన్నట్టున్నారు దగ్గర" అంది అమ్మ, ఎవరితోనూ కాకుండా. "మంచిది. ఒంటరిగా లేడు."

ఆదివారం పడవ కెప్టెన్ వస్తే బొమ్మ ఇవ్వలేదు. "ఇంక అక్కర్లేదు, నాయనా" అని చెప్పి పంపేసింది.

ఆ రోజునుంచి ఆమె రాళ్ళకొస మీదికి వెళ్ళి ఓడలు చూడటం మానేసింది. తినేది. గొర్రెల్ని చూసుకునేది. పిలిస్తే పలికేది. ఏడవలేదు. ఏడవడానికి ఆమెకి వీల్లేదు, కిటికీ దగ్గర మాట ఇంకా పడలేదు. బతికున్నాడన్న ఆశ పోయింది, పోయాడని దుఃఖపడే హక్కు రాలేదు. ఎండాకాలంలో ఊటబావి అడుగంటినట్టు, ఆ మొహం రోజురోజుకీ ఎండిపోయింది. అన్నిటికంటే కష్టమైంది ఏమిటంటే, ఒక్కమాట కూడా అడగలేదు నన్ను. చీకటిపడేసరికి కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూచునేది. దీపం పెట్టేదాకా కూచుని లేచిపోయేది. మర్నాడు మళ్ళీ. నేను ఆ వేళకి పని కల్పించుకుని గొర్రెల దొడ్డిలోకి పోయేవాణ్ణి. ఆగస్టు నెలలో గొర్రెల దొడ్డిలో పనేముంటుంది?

ఆయనకి జరిగింది పెరీన్ చెప్పింది. బట్టలు ఆరేస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. ప్రొయెల్లా అంటే ఏమిటో, ఎందుకు ఏడవకూడదో, ఆ బొమ్మని అమ్మ ఏమనుకుందో అన్నీ. "మీరు మావాణ్ణి చంపేశారయ్యగారూ. పోన్లెండి, మీకేం తెలుసు."

ఆయన అలాగే గోడకి జారబడి కూచున్నాడు. "ఆవిడ రేవుల్లో చూపించడానికడిగారు" అన్నాడు. "గుర్తుపట్టడానికి. కళ్ళు లేకుండా ఎవరు గుర్తుపడతారు? అది కూడా ఆలోచించలేదు నేను. నాకు నా బొమ్మ కనపడింది, అంతే. అందరికీ మూసేశాను, మీ గొల్వెన్‌కీ మూసేశాను." చేతికంటిన రంగు చూసుకుంటూ, "తప్పంతా నాదే" అన్నాడు.

పెరీన్ చేతిలో తడిబట్ట పట్టుకుని నావైపు చూసింది. "బావగారూ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పాను. కళ్ళ గురించి అమ్మ అన్నమాట, నేను మింగేసిన మాట. ఆయన నన్ను తిట్టుంటే బాగుండేది. "అలాగా" అన్నాడు. "నా కళ్ళవైపు చూడండి లాన్" అన్నాడు. నెమ్మదిగా చూశాను. అప్పుడే కొలతలు తీసుకుంటున్నాడని తెలిసింది.

"తెరుస్తాను" అన్నాడు.

"వద్దు" అంది పెరీన్.

"ఆవిడకి మళ్ళీ ఆశ ఇస్తాను."

"అబద్ధపు ఆశా?"

"నేను పోగొట్టిందే కదా. ఎలాంటిదైతేనేం."

నేను నోరెత్తలేదు. ఆశ తిరిగొస్తే కిటికీ పక్కన ఆ స్టూలు ఖాళీ అవుతుంది. నాకు కావలసింది అదే.

మూడు పొద్దులు ఆయన అటకలో నన్ను ఎదురుగా కూచోబెట్టాడు. ఒక గీత గీయడం, వెనక్కి జరగడం, మెడ తుడుచుకోవడం. నాటకాల తెరలు గోడంత రాసినవాడు, గోరంత చోటు దగ్గర ఆగిపోయాడు. "చూపు ఎక్కడ నిలపాలో తెలియడంలేదు" అన్నాడు ఒకసారి. "మీరు దేన్ని చూస్తున్నారు లాన్?"

"మిమ్మల్నే."

"కాదు. నా వెనక."

ఆయన వెనక అటక కిటికీ ఉంది.

తెరిచాక చూశాను. బాగా కుదిరింది. ఇప్పుడు ఆ బొమ్మ పారిస్‌లో ఎవరింట్లోనో వేలాడుతోందట, ఆయన వేసినవాటిల్లో కళ్ళు తెరిచినది అదొక్కటేనని చెప్పుకుంటారట. చెప్పుకోనీ. నేను బతికుండగానే నా కళ్ళు నీళ్ళలో మునిగిన మనిషి మొహంలో ఉన్నాయి. చూసేవాళ్ళకి ఆ సంగతేం తెలుసు.

ఆయన బొమ్మని కిందికి తెచ్చేసరికి పొద్దు వాలింది. అమ్మ స్టూలుమీద ఉంది. ఆమె ఎదురుగా, వెలుతురు పడేలా పెట్టాడు. ఈసారి ఆయన మొహంలో మెప్పుకోసం ఎదురుచూపు లేదు. దెబ్బకోసం ఎదురుచూసే పిల్లాడిలా నిలబడ్డాడు. "చెప్పండి లాన్. ఇది మొదటే ఇలా ఉండాల్సిందని చెప్పండి. నేను పొరపాటు చేశానని చెప్పండి."

చెప్పాను. అమ్మ వినలేదు, చూస్తోంది. బొమ్మ చూసింది. తల తిప్పి నన్ను చూసింది. మళ్ళీ బొమ్మ చూసింది.

"ఇది నువ్వురా" అంది.

"కాదే. గొల్వెన్. గాటు చూడు, చెవులు చూడు."

"చెవులు వాడివే. కానీ ఇది నువ్వు. నాకు తెలియదా." కొంచెం ముందుకి వంగింది. "ముందరి దాంట్లో వాడున్నాడు. అది ఏది?"

ఆయన అడిగాడు, ఏమంటున్నారని. చెప్పాను. చేత్తో ఆ కాగితాన్నే చూపించాడు. ఉన్నది ఒకటే కాగితం. దానిమీదే చెరిపి తెరిచాడు.

అమ్మకి నేను చెప్పకుండానే అర్థమైంది. పెరీన్ వచ్చి వెనకాల నిలబడి భుజంమీద చెయ్యేసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె బొమ్మని గోడవైపు తిప్పి పెట్టింది, మెల్లగా, రంగు రాలకుండా.

"తీసుకెళ్ళమను ఆయన్ని" అంది. "ఈ ఇంటికి ఒక లాన్ చాలు."

తరవాత నావైపు చూసింది. నెలల తరబడి తప్పించుకున్న చూపు అది. కోపమే ఉంటే తలొంచుకునేవాణ్ణి. కోపం లేదు.

"నువ్వు బతికే ఉన్నావు కదా నాయనా" అంది. "మరి నీ పని నువ్వు చెయ్యి."

బయటికెళ్ళాను. తలుపు దగ్గరకేశాను. మా ఇల్లు ఎంతుంటుంది, తలుపునుంచి కిటికీకి ఎంత దూరం? మోకాలు ఈడుస్తూ, గోడకి చెయ్యి ఆనించి నడిచాను. దూరంగా స్వాజ్ పిన్ని గొర్రెల్ని తోలుకొస్తూ ఆగింది. నన్ను చూసి, ఎన్నడూ లేనిది, తన నోరు చేత్తో మూసుకుంది. కిటికీలోంచి అమ్మ కనపడుతూనే ఉంది, నాకు అరచెయ్యి దూరంలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గాజుపలక మీద తట్టాను.

"ఎవరు?" అంది, తెలియనట్టే. అలాగే అడగాలి.

"నేను. పెద్దవాణ్ణి."

"ఏం పనిమీద వచ్చావు?"

మాట గొంతులోనే ఉంది. కొత్తదేం కాదు, ఎన్నోసార్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి పోయిందే. అమ్మ తొందరపెట్టలేదు. తల కొంచెం వంచి, వింటున్నట్టు కళ్ళు మూసుకుంది.

"ఈ రాత్రి మీ ఇంట ప్రొయెల్లా ఉందమ్మా" అన్నాను.

లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. అంతసన్నటి శబ్దం మా అమ్మ గొంతులో ఉందని నాకు తెలియదు. అది అంతకంతకీ పెద్దదైంది. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే తెల్లటోపీలు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. నా పక్కనుంచి పోతూ ఒక్కరూ నన్ను దెప్పలేదు.

మైనం కోసం అటకలోంచి పెట్టె దించబోయాడు లెస్పినాస్. తనే చేస్తానన్నాడు, చేతులు జోడించి అడిగాడు. అమ్మ ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఆయన చేస్తే అందంగా వస్తుంది." చర్చిలో దీవించిన కొవ్వొత్తి కరిగించి పెరీన్, నేను చేశాం. వంకరగా వచ్చింది. అమ్మ దాన్ని తన తెల్లటోపీ మీద పడుకోబెట్టింది.

మర్నాడు చర్చినుంచి వచ్చాక, మా అలవాటు ప్రకారం, పొద్దున్నే రగులుతున్న మట్టిపెళ్ళల కింద ఉడకబెట్టిన గొర్రెమాంసం కుండ పెరీన్ బయటికి తీసింది. మూత తియ్యగానే ఇల్లంతా వాసన. పారిస్ ఆయన బల్ల చివర కూచుని, పళ్ళెం ముందుకి తోసి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మా అమ్మ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో గోడ వారగా పడుకుని నిద్రపోయింది.

నాకు ఆకలి వేసింది. ఎంత ఆకలో చెప్పలేను. తలొంచుకుని తిన్నాను. పులుసు రొట్టెతో తుడుచుకుని తిన్నాను. ఎముక చీకాను. తలెత్తితే పెరీన్ నల్లశాలువాలో, చేతిలో గరిటెతో, నన్నే చూస్తోంది.

"ఇంకొంచెం వెయ్యనా బావగారూ?" అంది.

పళ్ళెం ముందుకి జరిపాను.